జీడీపీకి ఓటుహక్కు లేదు

ఎన్నికలు దగ్గరపడితే అధికార పార్టీ ప్రతినిధులకు ఎక్కడలేని లెక్కలూ గుర్తొస్తాయి. వృద్ధి రేటు ఇంత, విదేశీ మారక నిల్వలు ఇంత, స్టాక్ మార్కెట్ సూచీ ఇంత అంటూ టీవీ చర్చల్లో గడగడా అప్పచెబుతారు. ఫలితాలు తిరగబడితే మాత్రం ఓటరుకు కృతజ్ఞత లేదని, ఇంత చేసినా గుర్తించలేదని వాపోతారు. దేశం ఏదైనా, పార్టీ ఏదైనా ఈ తంతు మారదు.

ఎన్నికల్లో అసలు సంగతి ఆర్థికమేనని 1992లో బిల్ క్లింటన్ వ్యూహకర్త జేమ్స్ కార్విల్ తన బృందానికి నూరిపోశాడు. అప్పటినుంచి అది విశ్లేషకులందరికీ ఊతపదం అయిపోయింది. నాకు ఆ మాటతో పేచీ లేదు. ఆర్థికంలో ఓటరు దేన్ని లెక్కలోకి తీసుకుంటాడన్న దగ్గరే పేచీ. వృద్ధి రేటు చూసి నాయకుణ్ని మెచ్చుకునే ఓటరు నాకైతే ఎక్కడా కనబడలేదు. ధరలు చూసి తిట్టుకునేవాళ్లు మాత్రం ప్రపంచమంతా ఉన్నారు.

ఈ మెప్పుకూ తిట్టుకూ మధ్య తేడాను రాజకీయ శాస్త్రవేత్త జాన్ ముల్లర్ 1970లోనే పట్టుకున్నాడు. ట్రూమన్ నుంచి జాన్సన్ దాకా అమెరికా అధ్యక్షుల ఆదరణను సర్వేల ఆధారంగా లెక్కగట్టి చూస్తే, మాంద్యం వచ్చినప్పుడు అధ్యక్షుడి పేరు దెబ్బతింటోంది గానీ, మంచి రోజులు వచ్చినప్పుడు ఆ మేరకు పెరగడం లేదని తేలింది. చెడుకు జవాబుదారీ నాయకుడే. మంచి జరిగితే అది ఎవరి కష్టం వాళ్లది. అన్యాయమే అనుకోండి, కానీ యాభై ఏళ్ల కిందటే లెక్కల్లో బయటపడ్డ ఈ లక్షణం ఇవాళ్టికీ పెద్దగా మారలేదు.

జార్జ్ బుష్ సీనియర్ సంగతే చూడండి. గల్ఫ్ యుద్ధం గెలిచిన ఊపులో 1991 తొలి నెలల్లో గాలప్ సర్వేలో ఆయన ఆదరణ 89 శాతం. ఏడాదిన్నర తిరిగేసరికి అది 30 శాతం లోపుకు పడిపోయింది. 1992 నవంబరులో ఆయనకు దక్కిన ఓట్లు 37 శాతం. విచిత్రం ఏమిటంటే, అప్పటికి మాంద్యం అయిపోయి చాలా కాలమైంది. 1991 మార్చిలోనే అది ముగిసిందని అక్కడి అధికారిక నిర్ధారణ. ఆ నిర్ధారణ వెలువడింది మాత్రం 1992 డిసెంబరులో, అంటే బుష్ ఓడిపోయాక. ముందే చెప్పి ఉంటే గెలిచేవాడా? అనుమానమే. నిరుద్యోగం 1992 జూన్‌లో 7.8 శాతానికి చేరింది. ఆర్థికవేత్తల లెక్కలో కోలుకోవడం మొదలై ఏడాది దాటినా, ఉద్యోగం వెతుక్కునేవాడి లెక్కలో ఇంకా దిగజారుతూనే ఉంది. ఓటరు రెండో లెక్కే చూశాడు.

ఇక అసలు విషయానికి, ధరలకు వద్దాం. నిరుద్యోగం 4 శాతం నుంచి 8 శాతానికి పెరిగిందనుకుందాం. ఘోరమైన పరిస్థితే. అయినా నేరుగా దెబ్బ తగిలేది ప్రతి 100 మంది శ్రామికుల్లో అదనంగా నలుగురికి. మిగతావాళ్లకు భయం పట్టుకుంటుంది, టెన్షన్ ఉంటుంది, కానీ జీతం వస్తూనే ఉంటుంది. అదే ధరలు 8 శాతం పెరిగితే తప్పించుకునేవాడు ఒక్కడూ ఉండడు. ఉద్యోగికి, వ్యాపారికి, పింఛను మీద బతికే ముసలివాళ్లకు అందరికీ ఒకేసారి తగులుతుంది. పైగా నిరుద్యోగం రేటు నెలకోసారి పత్రికల్లో వస్తుంది. ధర కొన్న ప్రతిసారీ ఎదురవుతుంది. దాన్ని గుర్తు చేయడానికి ప్రతిపక్షం కూడా అక్కర్లేదు.

ద్రవ్యోల్బణం తగ్గిందని ఆర్థిక మంత్రులు ప్రకటించినప్పుడు జనానికి ఒళ్లు మండేది ఎందుకో చాలామంది నాయకులకు ఇప్పటికీ అర్థం కాదు. ద్రవ్యోల్బణం తగ్గడం అంటే ధరలు తగ్గడం కాదు, పెరిగే వేగం తగ్గడం. 100 ఉన్న ధర ఒక ఏడాది 8 శాతం, మరుసటి ఏడాది ఇంకో 8 శాతం పెరిగితే 117 దగ్గరకు చేరుతుంది. మూడో ఏడాది ద్రవ్యోల్బణం 2 శాతానికి దిగివస్తే కేంద్ర బ్యాంకు గవర్నర్ ఊపిరి పీల్చుకుంటాడు. కొనేవాడు మాత్రం 119 ఇస్తాడు. అతనికి గుర్తున్నది 100. మంత్రిగారు మాట్లాడేది 2 గురించి, ఓటరు మాట్లాడేది 19 గురించి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ ఎదుటివాడు అబద్ధాలకోరులా కనబడతాడు.

జీతాలు కూడా పెరిగాయి కదా అని అడగొచ్చు. పెరిగాయి. అయితే హార్వర్డ్ ఆర్థికవేత్త స్టెఫానీ స్టాంచెవా అమెరికాలో జరిపిన సర్వేల్లో ఒక ముచ్చటైన సంగతి బయటపడింది. జీతం పెరిగితే అది తమ పనితనానికి వచ్చిన ఫలమని జనం అనుకుంటున్నారు, ధరలకు తగ్గట్టు జరిగిన సర్దుబాటు అనుకోవడం లేదు. ధరలు పెరిగితే మాత్రం ప్రభుత్వాన్ని వేలెత్తి చూపుతున్నారు. రెండూ ఒకే ద్రవ్యోల్బణానికి రెండు ముఖాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. పాఠ్యపుస్తకం చదివి ఓటు వేసేవాళ్లు ఎంతమంది?

ఈ చూపుతో గత కొన్నేళ్ల ఎన్నికలను చూస్తే చాలా చిక్కుముళ్లు విడిపోతాయి. అమెరికాలో 2023 ఏప్రిల్‌లో నిరుద్యోగం 3.4 శాతం. అంతకంటే తక్కువ రేటు చూడాలంటే 1969 కంటే వెనక్కి పోవాలి. అంత ఉపాధి ఉన్నా జో బైడెన్ ఆదరణ 40 శాతం అటూ ఇటుగానే కొట్టుమిట్టాడింది. కారణం 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎక్కిన ద్రవ్యోల్బణం. 2024 ఎన్నికల నాటికి అది బాగా దిగివచ్చింది, కానీ బైడెన్ పగ్గాలు పట్టిన నాటితో పోలిస్తే ధరల స్థాయి సుమారు 20 శాతం పైన ఉంది. కమలా హారిస్ ఓడిపోయారు. అదే ఏడాది బ్రిటన్‌లో కన్జర్వేటివ్‌లకు 650 స్థానాల్లో 121 మాత్రమే మిగిలాయి, వాళ్ల చరిత్రలోనే అతి తక్కువ. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందే ద్రవ్యోల్బణం సరిగ్గా లక్ష్యమైన 2 శాతానికి వచ్చిందన్న అంకె వెలువడింది. రిషి సునాక్ దాన్ని తన విజయంగా చెప్పుకున్నారు. 2022 అక్టోబరులో 11.1 శాతం చూసిన జనం ఆ మాట విని చలించలేదు. దాదాపు 30 ఏళ్లు ధరలే కదలని జపాన్‌లో ద్రవ్యోల్బణం 3 శాతం దరిదాపులకు రాగానే, దశాబ్దాలుగా ఏలుతున్న లిబరల్ డెమోక్రటిక్ పార్టీ కూటమి 2024 అక్టోబరులో దిగువ సభలో మెజారిటీ కోల్పోయింది. అక్కడ విరాళాల కుంభకోణం కూడా ఉందనుకోండి. కానీ కుంభకోణాలు ఆ పార్టీకి కొత్త కాదు, ధరల పెరుగుదల కొత్త.

భారత్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2004లో దేశం వెలిగిపోతోందని ప్రచారం చేసుకుని ముందస్తు ఎన్నికలకు వెళ్లిన వాజపేయి ప్రభుత్వానికి 8 శాతం దరిదాపు వృద్ధి ఉంది. అంతకు ముందు ఏడాది తీవ్రమైన కరవు. అందులోంచి పైకి లేచిన అంకె అది. బీజేపీకి 138 స్థానాలు వచ్చాయి. 2014లో యూపీఏ కథ ఇంకా స్పష్టం. రెండేళ్ల పాటు వినియోగదారుల ద్రవ్యోల్బణం 10 శాతం దరిదాపుల్లో ఉంది, కాంగ్రెస్ 44 స్థానాలకు పడిపోయింది. అదే 2019 ఎన్నికలకు ముందు, 2017-18లో నిరుద్యోగం నాలుగు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా 6.1 శాతమని ప్రభుత్వ సర్వేనే తేల్చింది. అయినా బీజేపీకి 303 స్థానాలు దక్కి మోదీ ప్రభుత్వం తిరిగి వచ్చింది. పుల్వామా, బాలాకోట్ ప్రభావాన్ని నేను కాదనను. అయితే 2018-19 ఆర్థిక సంవత్సరంలో సగటు ద్రవ్యోల్బణం 3.4 శాతమే అన్న సంగతిని ఫలితాల విశ్లేషణల్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ధరలు చల్లగా ఉంటే ఓటరు మిగతా చాలా విషయాలు వినడానికి సిద్ధపడతాడు. జాతీయ భద్రత కావచ్చు, కులం కావచ్చు, నాయకుడి వ్యక్తిత్వం కావచ్చు. ధరలు మండుతున్నప్పుడు ఇవేవీ చెవికెక్కవు.

ఇందులో నాయకుడి పనితనం ఎంత, అదృష్టం ఎంత? నన్ను అడిగితే అదృష్టానిదే పెద్ద వాటా. జిమ్మీ కార్టర్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1979లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పగ్గాలను పాల్ వోల్కర్‌కు అప్పగించింది ఆయనే. వోల్కర్ వడ్డీ రేట్లను 20 శాతం దాకా తీసుకుపోయి ద్రవ్యోల్బణం మెడ వంచాడు. ఆ మందు చేదు తగిలిన మొదటి ఏడాదే కార్టర్ 1980 ఎన్నికల్లో ఓడిపోయాడు. తర్వాత వచ్చిన రొనాల్డ్ రేగన్‌కు కూడా మొదట్లో దెబ్బ తగిలింది. 1982 చివర నిరుద్యోగం 10.8 శాతం, 1983 జనవరిలో ఆయన ఆదరణ 35 శాతం. కానీ క్యాలెండర్ ఆయన పక్షాన ఉంది. 1980లో 13.5 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1983కి 3.2 శాతానికి దిగింది, వృద్ధి పుంజుకుంది, 1984లో రేగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. విత్తనం కార్టర్ వేశాడు, పంట రేగన్ కోసుకున్నాడు. రేగన్‌ను ఆర్థిక మేధావిగా పొగిడే వ్యాసాలు ఇప్పటికీ వస్తుంటాయి, వాటిలో వోల్కర్‌ను నియమించింది ఎవరో కనబడదు.

బ్రెజిల్‌లో ఇదే కథ తిరగేసి జరిగింది. 2010లో 7.5 శాతం వృద్ధి, ముడి ఇనుము, సోయా వంటి ఎగుమతులకు ప్రపంచ మార్కెట్లో మంచి ధరలు. లూలా 80 శాతానికి పైగా ఆదరణతో గద్దె దిగాడు. ఆయన ఎంపిక చేసిన వారసురాలు దిల్మా రూసెఫ్ హయాంలో ఆ ఎగుమతి ధరలు కుప్పకూలాయి. 2015లో ఆర్థిక వ్యవస్థ 3.5 శాతం కుదించుకుపోయింది, ఆమె ఆదరణ 10 శాతం దరిదాపులకు దిగజారింది, 2016లో అభిశంసనతో పదవే పోయింది. ఆమె తప్పులు ఆమెకు ఉన్నాయి, లేవని కాదు. కానీ ప్రపంచ మార్కెట్లో ఇనుము ధర బ్రసీలియాలో తేలదు. లాటిన్ అమెరికా అధ్యక్షుల ఆదరణ అంతర్జాతీయ సరుకుల ధరలు, అమెరికా వడ్డీ రేట్ల వెంట ఎలా నడుస్తుందో డానియెలా కాంపెలో, సెజార్ జూకో అనే ఇద్దరు పరిశోధకులు వివరంగా చూపించారు. అంటే అక్కడి ఓటరు తన అధ్యక్షుడికి వేసే మార్కుల్లో చాలా భాగం నిజానికి షాంఘైకీ వాషింగ్టన్‌కీ వేస్తున్నట్టే.

ఇదంతా పాత కాలపు మాట, ఇప్పుడు జనం పార్టీ కళ్లద్దాల్లోంచే ఆర్థికాన్ని చూస్తున్నారు అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర ఆధారం లేకపోలేదు. అమెరికాలో అధ్యక్షుడు మారిన వెంటనే, ఇంకా ఏ విధానమూ మారకముందే, ఒక పార్టీ అభిమానుల్లో ఆర్థిక భరోసా పెరిగిపోతుంది, రెండో పార్టీ వాళ్లలో పడిపోతుంది. తుర్కియేను కూడా చూపిస్తారు. 2022 అక్టోబరులో 85 శాతం ద్రవ్యోల్బణం చూసిన ఎర్దోగాన్ 2023 మేలో 52 శాతం ఓట్లతో గెలిచాడు కదా అంటారు. గెలిచాడు. కనీస వేతనాన్ని భారీగా పెంచి, లక్షల మందికి వయసు నిబంధన తీసేసి ముందుగానే పింఛను ఇచ్చి గెలిచాడు. ధరల దెబ్బ తెలియకుండా ఉండడానికి ఖజానా తెరవాల్సి వచ్చిందంటే, ధరలకు భయపడ్డాడనే అర్థం. ఏడాది తిరగకుండానే 2024 మార్చి స్థానిక ఎన్నికల్లో ఆయన పార్టీ రెండో స్థానానికి పడిపోయింది, రెండు దశాబ్దాల్లో మొదటిసారి. ఇక కళ్లద్దాల మాటకొస్తే, కరడుగట్టిన అభిమానులు ఎన్నికలను తేల్చరు. ఏ కళ్లద్దాలూ పెట్టుకోని కొద్ది శాతం మందే తేలుస్తారు.

ఇంతవరకూ చెప్పింది చాలావరకు తెలిసిన సంగతే. నన్ను కలవరపెట్టేది దీని పర్యవసానం. ఆర్థికం బాగాలేకపోతే పదవి పోతుందని ప్రతి నాయకుడికీ తెలుసు. ఆర్థికం చాలావరకు తన చేతిలో లేదనీ తెలుసు. వడ్డీ రేట్లు కేంద్ర బ్యాంకు చేతిలో, చమురు ధర మరెక్కడో. మరి తన చేతిలో ఏముంది? అంకెలు ఉన్నాయి. వాటిని తయారు చేసే ఉద్యోగుల బదిలీ కాగితాల మీద సంతకం తనదే.

అర్జెంటీనాలో 2007లో అదే జరిగింది. కిర్చ్‌నర్ ప్రభుత్వం జాతీయ గణాంక సంస్థ ఇండెక్‌లో చేయిపెట్టి ధరల సూచీ లెక్కించేవాళ్లను మార్చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అధికారిక ద్రవ్యోల్బణం 10 శాతం దగ్గర నిలబడింది, ప్రైవేటు అంచనాలు 25 శాతం చెప్పాయి. వేరే లెక్క ప్రకటించిన కన్సల్టెన్సీలకు జరిమానాలు వేశారు. దాంతో ప్రతిపక్ష ఎంపీలు కేసులు పడకుండా తమకున్న రక్షణను వాడుకుని ఆ లెక్కల సగటును పార్లమెంటు తరఫున నెలనెలా ప్రకటించడం మొదలుపెట్టారు. 2013లో అంతర్జాతీయ ద్రవ్య నిధి అధికారికంగా అభిశంసించింది. గ్రీసులో ఇది తలకిందులుగా నడిచింది. గణాంక సంస్థ అధిపతి ఆండ్రియాస్ జార్జియు 2009 బడ్జెట్ లోటును జీడీపీలో 15.4 శాతంగా సరిచేసి నిజం చెప్పాడు, యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ ఆ లెక్కను ఆమోదించింది. స్వదేశంలో ఆయన ఏళ్ల తరబడి కేసులు ఎదుర్కొని, చివరికి విధుల ఉల్లంఘన కింద రెండేళ్ల సస్పెండెడ్ శిక్ష మోశాడు. లెక్కలు దొంగవి రాసినవాళ్లు ఎక్కడున్నారని మాత్రం అడగకండి.

ఇవి అప్పుల్లో మునిగిన దేశాల జబ్బులని సరిపెట్టుకోలేం. 2021 డిసెంబరు ద్రవ్యోల్బణం 36 శాతమని ప్రకటించిన కొద్ది వారాలకే తుర్కియే గణాంక సంస్థ అధిపతి పదవి పోయింది. 2025 ఆగస్టు 1న అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ఉద్యోగాల నివేదిక ఇచ్చింది. జులైలో కొత్త ఉద్యోగాలు 73 వేలే, మే, జూన్ అంకెల్లో కలిపి 2 లక్షల 58 వేలు కోత. అదే రోజు డొనాల్డ్ ట్రంప్ బ్యూరో కమిషనర్ ఎరికా మెకెంటార్ఫర్‌ను తీసేశారు. తొలి అంచనాలను తర్వాత సవరించడం దశాబ్దాలుగా జరిగే మామూలు పని. కంపెనీల నుంచి జవాబులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి సవరణలు తప్పవు. భారత్‌లో నేను పైన చెప్పిన 6.1 శాతం నిరుద్యోగం నివేదికను జాతీయ గణాంక సంఘం 2018 డిసెంబరులో ఆమోదించింది. విడుదల కాకపోవడంతో 2019 జనవరిలో సంఘంలోని ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. నివేదిక బయటికి వచ్చింది మే 31న, ఓట్ల లెక్కింపు అయిన వారం తర్వాత. అదే ఏడాది నవంబరులో వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత బాగాలేదంటూ పూర్తిగా పక్కన పెట్టేశారు.

ఇందులో నాకు అన్నిటికంటే వింతగా తోచేది, ఇంత తంటాలు పడినా నాయకుడికి ఒరిగేది ఏమీ లేకపోవడం. ఓటరు ధరను సూచీలో చూడడు, కొనేచోట చూస్తాడు. అధికారిక అంకె 10 అన్నంత మాత్రాన 25 శాతం ఎక్కువ చెల్లిస్తున్నవాడు తనను తాను నమ్మడం మానేయడు. దొంగ లెక్క మోసం చేసేది వేరేవాళ్లను. వేతనాల కోసం బేరమాడే కార్మిక సంఘాన్ని, సూచీతో ముడిపెట్టిన పింఛనుదారును, బాండు కొన్నవాణ్ని, వడ్డీ రేటు ఎంత పెట్టాలో తేల్చుకోవాల్సిన కేంద్ర బ్యాంకును. అర్జెంటీనాలో కొన్ని ప్రభుత్వ బాండ్లపై చెల్లింపు ద్రవ్యోల్బణంతో ముడిపడి ఉండేది. సూచీని నొక్కిపట్టిన ప్రతి నెలా వాటిని కొన్నవాళ్ల జేబుకు ఎంతో కొంత చిల్లు పడింది.

గణాంక సంస్థ అధిపతికి ప్రభుత్వం మారినా కదలని పదవీకాలం ఉండాలి, నివేదికల విడుదల తేదీలు ఏడాది ముందే ప్రకటించాలి, ప్రకటించిన తేదీని ఆపే అధికారం ఏ మంత్రికీ ఉండకూడదు. కేంద్ర బ్యాంకులకు స్వతంత్రత కావాలని గొంతు చించుకునే ఆర్థికవేత్తలు ఇందులో సగం శ్రద్ధ గణాంక సంస్థల మీద పెడితే బాగుండు. తప్పుడు అంకె మీద స్వతంత్రంగా నిర్ణయం తీసుకుంటే ఏం లాభం?

అర్జెంటీనాలో 2015 నవంబరులో కిర్చ్‌నర్ పక్షం అభ్యర్థి ఓడిపోయాడు. ఎనిమిదేళ్ల దొంగ లెక్కలు ఆయన్ని గెలిపించలేదు. కొత్తగా వచ్చిన మౌరిసియో మాక్రి ఇండెక్‌ను పునాదుల నుంచి సరిచేయించాడు. కొన్ని నెలల పాటు ధరల సూచీ ప్రకటనే ఆపేసి, 2016 జూన్‌లో కొత్తది తెచ్చాడు. ద్రవ్య నిధి అభిశంసన ఎత్తేసింది. 2019లో ఆ నిజాయితీ సూచీయే 53.8 శాతం ద్రవ్యోల్బణం చూపించింది. మాక్రి కూడా ఓడిపోయాడు. కాకపోతే ఈసారి ఎంత పోయిందో, ఎవరికి ఎంత బాకీ ఉందో యూనియన్‌లకూ, పింఛనుదారులకూ, అప్పు ఇచ్చినవాళ్లకూ అధికారిక లెక్కలోనే దొరికింది, ఏ ఎంపీ రక్షణా అక్కర్లేకుండా.